7.6 లీటర్ల నీళ్లతో మొదలయ్యే పాఠం

ఈ క్లాసుకు నోట్‌బుక్ మర్చిపోయి వచ్చినా నడుస్తుంది, నీళ్లు మర్చిపోతే మాత్రం కుదరదు. మనిషికి రోజుకు కనీసం 3.8 లీటర్లు కావాలి. ఎండలో కొండలెక్కి తిరిగేవాళ్లకైతే 7.6 లీటర్లు. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కుకు వచ్చేవారికి అక్కడివాళ్లు ముందుగా చెప్పే లెక్క ఇదే. ఆ పార్కుకు అండగా 1962లో ఏర్పడిన ఒక స్వచ్ఛంద సంఘం, ‘డెజర్ట్ ఇన్‌స్టిట్యూట్’ పేరుతో ఆరుబయట పాఠాలు నడిపిస్తోంది. మొక్కలు, రాళ్లు, పాత కథలు, బొమ్మలు గీయడం అన్నీ అందులో ఉంటాయి. వేసవిలో 38 డిగ్రీలు దాటిపోతుంది కాబట్టి వేడి తగ్గాకే క్లాసులు ఊపందుకుంటాయి.

పార్కు విస్తీర్ణం సుమారు 3,200 చదరపు కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ జిల్లాకు దాదాపు 15 రెట్లు. 2023లో 32 లక్షల మందికి పైగా వచ్చారు. ఎక్కువమంది కారు దిగి, ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లే. ఎడారి అంటే ఏమీ లేని చోటు అన్న అభిప్రాయం కారు అద్దంలోంచి చూస్తే మారదు. ఒక్క చెట్టు దగ్గర అరగంట నిలబడితే మారుతుంది.

జాషువా చెట్టునే చూద్దాం. మన చేలగట్ల మీద కంచెగా పెరిగే కిత్తనారకు ఇది చుట్టం. ఏడాదికి ఎదిగేది 1.3 నుంచి 7.6 సెంటీమీటర్లు. సగటున 4 సెంటీమీటర్లు వేసుకున్నా, 6 మీటర్ల చెట్టు వెనుక 150 ఏళ్లున్నాయి. కాండంలో వలయాలు ఏర్పడవు కాబట్టి వయసును ఎత్తును బట్టి అంచనా కట్టాల్సిందే. దీని పూలకు పుప్పొడి చేర్చేది ఒక చిన్న చిమ్మట. ఆడ చిమ్మట నోటి దగ్గరి తీగల్లాంటి అవయవాలతో పుప్పొడిని ఉండగా చుట్టి, గడ్డం కింద పెట్టుకుని మరో పువ్వు దగ్గరికి ఎగురుతుంది. అక్కడ గుడ్లు పెట్టి, ఆ ఉండలోంచి కొంత తీసి కీలాగ్రం మీద అద్దుతుంది. పిల్ల పురుగులు కొన్ని గింజలు తింటాయి, మిగిలినవి చెట్టుకు. చిమ్మట లేకపోతే గింజ లేదు, చెట్టు లేకపోతే చిమ్మట లేదు. ఇంత నిదానంగా పెరిగే చెట్లు 2020 ఆగస్టులో, ఈ పార్కుకు ఉత్తరాన ఉన్న మొహావీ రక్షిత ప్రాంతంలో, పిడుగుపాటుతో అంటుకున్న ఒక్క మంటకు 13 లక్షల దాకా కాలిపోయాయని అంచనా. ఆ సంఖ్య చదివినప్పుడు నాకు చెట్ల కన్నా ముందు ఏళ్లు గుర్తొచ్చాయి.

రాళ్ల పాఠం తెలుగువాళ్లకు చప్పున అర్థమవుతుంది. ఎవరో పేర్చినట్టుండే ఆ గుండ్లు గ్రానైటే, హైదరాబాద్ గుట్టల తరహావే. వయసులోనే తేడా: అక్కడివి పది కోట్ల ఏళ్లకు అటూ ఇటూ, మనవి దాదాపు 250 కోట్ల ఏళ్లు. తయారైన తీరు ఒక్కటే. నేల లోపల ఉండగానే పగుళ్ల వెంట నీరు దిగి అంచులు అరిగాయి, తర్వాత పైమట్టి కొట్టుకుపోయి గుండ్లు బయటపడ్డాయి. మనం కంకర కొట్టుకుంటున్నది ఆ 250 కోట్ల ఏళ్లనే.

చరిత్ర క్లాసు కీస్ రాంచ్‌కు తీసుకెళ్తుంది. బిల్ కీస్ 1910లో ఇక్కడికొచ్చి, 1969లో కన్నుమూసేదాకా ఇక్కడే బతికాడు. ఇల్లు, చెరువు, తోట, పిల్లల బడి అన్నీ ఆవరణలోనే. మూతబడ్డ గనుల నుంచి మేకులు, చక్రాలు, ఇనుప ముక్కలు మోసుకొచ్చి దాచాడు. అవి ఇప్పటికీ వరసగా పడి ఉన్నాయి. దుకాణం దూరమైన చోట పాత మేకు కూడా ఆస్తే. పార్కు బయట, జాషువా ట్రీ ఊరి దగ్గర, ఆ మాటే కళగా మారింది. 1965లో లాస్ ఏంజెలిస్‌లోని వాట్స్ ప్రాంతంలో జరిగిన అల్లర్లలో కాలి మిగిలిన శకలాలతో శిల్పాలు చేసిన నోవా ప్యూరిఫోయ్ అనే కళాకారుడు, 1989లో 72 ఏళ్ల వయసులో ఈ ఎడారికి వచ్చాడు. 2004లో చనిపోయేలోగా పాత టైర్లు, ట్రేలు, కమోడ్లతో 10 ఎకరాల్లో 100కు పైగా పనులు నిలబెట్టాడు. పైకప్పు లేదు. ఎండా గాలీ వాటిని రోజూ కాస్త కాస్త మారుస్తూనే ఉంటాయి.

నడకలో తాబేలు ఎదురుపడితే అదృష్టం. ఎడారి తాబేలు జీవితంలో 95 శాతం కాలాన్ని బొరియలోనే గడుపుతుంది. 1990 నుంచి అది ముప్పులో ఉన్న జీవుల జాబితాలో ఉంది. వాన పడ్డప్పుడు తాగిన నీటిని మూత్రాశయంలో దాచుకుని నెలల తరబడి దాని మీదే బతుకుతుంది. ముద్దొచ్చిందని ఎత్తుకుంటే బెదిరి ఆ నీరంతా వదిలేస్తుంది. మళ్లీ వాన పడేలోగా దాహంతో చచ్చిపోవచ్చు. మనకు సీసాల్లో 7.6 లీటర్లున్నాయి, దానికి ఉన్నదంతా ఒంట్లోనే. నీడ దొరికితే అది కారు కిందికి కూడా చేరుతుంది. అందుకే తిరుగు ప్రయాణంలో, బండి స్టార్ట్ చేయకముందు, మోకాళ్ల మీద వంగి నాలుగు చక్రాల కిందా చూడాలి.