పొయ్యికి గ్యాసు, చేనుకు ఎరువు

1973లో అరబ్ దేశాలు చమురు బిగబట్టడంతో కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలైంది. అప్పట్నుంచే ప్రత్యామ్నాయాల వేట ముమ్మరమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని కోసం 1986లో నెడ్‌క్యాప్ ఏర్పడింది. హైదరాబాదులో అబిడ్స్ పక్కనున్న నాంపల్లిలోని పిస్గా కాంప్లెక్స్‌లో దాని కార్యాలయం చాలా ఏళ్లు నడిచింది. గోబర్ గ్యాసు ఇలాంటి ప్రత్యామ్నాయమే.

లెక్క చూద్దాం. రోజూ 25 కిలోల పేడను అంతే నీళ్లలో కలిపి ప్లాంటులో పోస్తే సుమారు ఒక ఘనపు మీటరు గ్యాసు వస్తుంది. ఇది 0.6 లీటరు కిరోసిన్‌కు సాటి. పేడను పిడకలు చేసి కాలిస్తే అందులోని నత్రజని గాలిపాలే. గ్యాసు తీస్తే మిగిలిన మడ్డిలో అది నిలుస్తుంది, యూరియా ఖర్చు కొంత తగ్గుతుంది.

అయితే కనీసం రెండు మూడు పశువులు లేనివారు ప్లాంటు జోలికి పోవద్దు. పేడ చాలకపోతే అది మూలపడుతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. ముందుగా ఓ వారం పాటు మీ కొట్టంలో పేడ తూచి చూసుకోండి.