మామిడి మానుపై మచ్చలు తెగులు కాదు

మామిడి, సపోటా చెట్ల మానులపై బూడిద రంగు, లేత ఆకుపచ్చ పొలుసులు కనిపించగానే చాలామంది రైతులు తెగులనుకుని మందు కొడుతుంటారు. ఇది దండగ ఖర్చు. అవి లైకెన్లు. మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే.

లైకెన్ ఒక్క జీవి కాదు. శిలీంధ్రం, నాచు కలిసి చేసే పొత్తు సేద్యం. నాచు ఎండ సాయంతో ఆహారం తయారు చేస్తుంది. శిలీంధ్రం దానికి నీడనిచ్చి తేమ నిలుపుతుంది. చెట్టు బెరడు వాటికి కూర్చునే అరుగు మాత్రమే. చెట్టు రసం పీల్చవు.

విత్తనమా? పిలకా?

లైకెన్ రెండు విధాలుగా వ్యాపిస్తుంది. మొదటిది లైంగిక పద్ధతి. చిన్న గిన్నెల్లాంటి భాగాల నుంచి శిలీంధ్ర బీజాలు గాలిలోకి ఎగురుతాయి. అయితే వాటి వెంట నాచు ఉండదు. పడిన చోట తగిన నాచు దొరికితేనే బతుకు.

రెండోది అరటి పిలక లాంటిది. లైకెన్ పైన పిండిలా రాలే రేణువులను సొరీడియా అంటారు. ఒక్కో రేణువులో నాచు కణాలు, వాటిని చుట్టుకున్న శిలీంధ్ర పోగులు ఉంటాయి. గాలికో, వానకో, చీమ కాలికో అంటుకుని వెళ్లిన చోట కాపురం సిద్ధం.

సులువే గానీ, పిలకలన్నీ తల్లి పోలికే. కొత్త గుణాలు రావడం అరుదు. అరటిలో ఈ చిక్కు ఎంతటిదో 1950ల్లో తెలిసింది. పనామా తెగులుకు మధ్య అమెరికాలో గ్రోమిషెల్ రకం తోటలు తుడిచిపెట్టుకుపోయాయి.

జతకు తోడు కావాలి

యూరప్ అడవుల్లో పెరిగే లొబేరియా పల్మొనేరియా లైకెన్‌ శిలీంధ్రంలో జత కట్టే జన్యువు రెండు రకాలుగా ఉంటుంది. చూపుకు తేడా తెలియదు. రెండు రకాలూ దగ్గరలో ఉంటేనే గిన్నెలు కాస్తాయి. తోపులో అన్నీ పోతుతాళ్లే ఉంటే ముంజలు రానట్టే, ఒకే రకం మిగిలిన చోట పిలక పద్ధతే గతి. పాత చెట్లు కొట్టేస్తే ఈ జతలు చెదిరిపోతాయి. లెప్రేరియా అనే మరో లైకెన్‌లోనైతే గిన్నెలు ఇంతవరకు ఎవరికీ కనిపించలేదు. పిండి రాల్చుకుంటూనే అది చాలా జాతులుగా విస్తరించింది.

రైతులు ఏం చేయాలి?

ఆకు పలచబడి మానుకు ఎండ తగిలితే లైకెన్లు ఎక్కువవుతాయి. అంటే చెట్టు నీరసానికి అవి కారణం కాదు, గుర్తు. మందు డబ్బా పక్కన పెట్టి వేరు, ఎరువు, నీరు సంగతి చూసుకోవాలి.