జత బాగుంటేనే బండ కదిలేది.. ఫార్ములా వన్‌లో నరైన్ పోరాటం

కొత్తపట్నం: సంక్రాంతి వచ్చిందంటే ప్రకాశం, గుంటూరు పల్లెల్లో బండలాగుడు పోటీల సందడి ఇంతా అంతా కాదు. తోలేవాడు ఎంత నేర్పరి అయినా ఎడ్ల జత బలహీనమైతే బండ కదలదన్నది ఇక్కడి రైతులకు తెలిసిన సత్యమే. కోట్ల రూపాయల వ్యయంతో సాగే ఫార్ములా వన్ కార్ల పందేలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఈ పోటీల్లో పాల్గొన్న తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ ప్రస్థానమే ఇందుకు నిదర్శనం.

పదమూడేళ్ల నిరీక్షణ

కోయంబత్తూరుకు చెందిన నరైన్ 1977 జనవరి 14న జన్మించారు. తండ్రి జి.ఆర్.కార్తికేయన్ ర్యాలీ ఛాంపియన్. 1992లో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ పాఠశాలలో శిక్షణ పొందిన నరైన్, 1996లో ఫార్ములా ఆసియా టైటిల్ గెలుచుకున్నారు. అయినా ఫార్ములా వన్‌లో అడుగుపెట్టేందుకు 2005 వరకు వేచి ఉండాల్సి వచ్చింది. చిన్న జట్లలో చోటు దక్కాలంటే ప్రతిభతోపాటు ప్రాయోజకుల ధనమూ ఉండాలి. టాటా సంస్థ అండతో 28 ఏళ్ల వయసులో ఆయన జోర్డాన్ జట్టులో చేరారు.

ఆ ఐదు పాయింట్లు

2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో మిషెలిన్ టైర్లు సురక్షితం కాదని తేలడంతో 14 కార్లు వైదొలిగాయి. మిగిలిన ఆరింటిలో నరైన్ నాలుగో స్థానంలో నిలిచి ఐదు పాయింట్లు పొందారు. నేటికీ మరే భారతీయుడూ ఫార్ములా వన్‌లో ఒక్క పాయింటైనా సాధించలేదు.

107 శాతం గండం

2011లో ఆయన హెచ్ఆర్‌టీ జట్టులో చేరారు. నిబంధన ప్రకారం అర్హత పోటీ తొలి దశలో అత్యుత్తమ సమయం 100 సెకన్లయితే, 107 సెకన్లలోపు చుట్టు పూర్తి చేయాలి. లేకుంటే సాధారణంగా రేసులో చోటుండదు. 2011, 2012 ఆస్ట్రేలియా పోటీల్లో హెచ్ఆర్‌టీ కార్లు రెండూ ఈ గండం దాటలేకపోయాయి. 2011 సీజన్ మధ్యలో నరైన్ స్థానాన్ని డానియెల్ రికార్డోకు ఇచ్చారు. అదే ఏడాది అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రిలో మళ్లీ అవకాశం దక్కిన నరైన్ 17వ స్థానం పొందగా, అదే జట్టు కారు నడిపిన రికార్డో 18వ స్థానానికి పరిమితమయ్యారు. తదనంతరం మేటి జట్లకు మారిన రికార్డో ఎనిమిది రేసులు గెలిచారు. 2012తో హెచ్ఆర్‌టీ మూతపడగా, నరైన్ ఫార్ములా వన్ ప్రస్థానమూ ముగిసింది.

ఆ తరువాత జపాన్ పోటీలకు తరలిన ఆయన 2019 నవంబరులో 42 ఏళ్ల వయసులో ఫుజీలో జరిగిన సూపర్ జీటీ, డీటీఎం సంయుక్త రేసులో విజేతగా నిలిచారు. సరైన జత దొరికితే బండ కదులుతుందని ఆ గెలుపు చాటింది.