రేడియేషన్ కొంచెం తగిలితే మంచిదేనా..? సైంటిస్టుల మధ్య తెగని పంచాయితీ ఇదీ!

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు గ్రానైట్ గుట్టలకు కొదవ లేదు. ఆ రాయిలో యురేనియం, థోరియం, రేడియోధార్మిక పొటాషియం చాలా స్వల్పంగా ఉంటాయి. అంటే ఇంట్లో పరిచిన బండల నుంచి కూడా కాస్త రేడియేషన్ వస్తూనే ఉంటుంది. కంగారు పడకండి.. భూమ్మీద ఎక్కడున్నా ఇది తప్పదు. సహజంగా తగిలే రేడియేషన్ ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు.

మరి ఇంత తక్కువ మోతాదు హాని చేస్తుందా? లేక ఒంటికి రక్షణ నేర్పుతుందా? గొడవంతా ఇక్కడే.

మంచిదే అనేవాళ్లు 1984 నాటి ఓ ప్రయోగం చూపిస్తారు. మనిషి రక్తకణాలకు ముందు చాలా తక్కువ రేడియేషన్ ఇచ్చి, తర్వాత పెద్ద మోతాదులో ఎక్స్‌రేలు తగిలించారు. ముందే కొంచెం రుచి చూసిన కణాల్లో క్రోమోజోములు తక్కువగా దెబ్బతిన్నాయి. చిన్న దెబ్బకే కణం రిపేర్ సామాను సిద్ధం చేసుకుందన్నమాట! ఇది నిజమే. అయితే ఈ రక్షణ ఎక్కువ కాలం నిలవదు, అందరి కణాల్లోనూ కనిపించలేదు. పైగా గాజు గొట్టంలో కణం వేరు, మనిషి వేరు.

అందుకే మనుషుల లెక్కలు చూడాలి. కేరళలోని కరునాగపల్లి తీరంలో ఇసుకలోనే థోరియం ఉంది. అక్కడ దాదాపు 70 వేల మందిని సగటున పదేళ్లకు పైగా గమనించి 2009లో ఫలితం చెప్పారు. ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. తగ్గినట్టూ తేలలేదు. ఈ రెండో మాటను చాలామంది వదిలేస్తారు.

ఇక ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా అణు కార్మికులు 3 లక్షల మందికి పైగా ఉన్న అధ్యయనం 2023లో వచ్చింది. తక్కువ మోతాదుల్లోనూ మోతాదు పెరిగేకొద్దీ క్యాన్సర్ మరణాల ముప్పు పెరిగినట్టు అందులో కనిపించింది. కొంచెం మంచిదే కాబట్టి రూల్స్ సడలించాలన్న పిటిషన్లను అమెరికా అణు నియంత్రణ సంస్థ 2021లోనే తోసిపుచ్చింది.

మనకు ఇది తగిలేది స్కానింగ్ సెంటర్ దగ్గర. ఛాతీ ఎక్స్‌రేతో సుమారు 0.1 మిల్లీసీవర్ట్.. అదే కడుపు సీటీ స్కాన్ అయితే 8 దాకా, అంటే మూడేళ్లకు పైగా సహజ రేడియేషన్ ఒకేసారి. డాక్టర్ అవసరమని రాస్తే భయపడి మానేయొద్దు. 'కొంచెం తగిలితే మంచిదేలే' అని ఊరికే తీయించుకోనూ వద్దు. హైదరాబాద్ పెద్దాసుపత్రికి వెళ్తుంటే పాత ఫిల్ములు, రిపోర్టులు వెంట పెట్టుకోండి.. అదే స్కాన్ మళ్లీ తీసే పని తప్పొచ్చు. గర్భిణులైతే ముందే చెప్పాలి.