కంప్యూటరు ఆటల రికార్డింగు

కంప్యూటరు ఆటల రికార్డింగు అనగా కంప్యూటరులో ఆడుచున్న ఆట యొక్క దృశ్యమును, ధ్వనిని ఆట సాగుచుండగానే వీడియో ఫైలుగా భద్రపరచుట. ఆటలోని మెలకువలను ఇతరులకు నేర్పుటకు, అతి తక్కువ సమయములో ఆట ముగించినట్లు ఋజువు చూపుటకు, వ్యాఖ్యానముతో కూడిన వీడియోలు తయారు చేయుటకు దీనిని వాడుతారు. ఆన్‌లైను ఆటల విషయములో ఈ వీడియోలకు చారిత్రక విలువ కూడా ఉన్నది. సిటీ ఆఫ్ హీరోస్ అను ఆట సర్వర్లు 2012 నవంబరు 30న మూతపడినవి. 2019లో అభిమానుల సర్వర్లపై ఆ ఆట తిరిగి వచ్చినది గాని, అంతకు పూర్వము జరిగిన ఆటలను చూడవలెనన్న నాటి వీడియోలే ఆధారము.

చరిత్ర

1993లో విడుదలైన డూమ్ ఆటలో "డెమో" అను సదుపాయము ఉండెడిది. ఇది చిత్రమును కాక, ఆటగాడు ఏ క్షణమున ఏ మీట నొక్కెనో ఆ వివరములను మాత్రమే దాచెడిది. ఫైలు చాలా చిన్నది, చిత్రములో మసక అన్న మాటే లేదు. కాని దానిని చూచుటకు అదే ఆట, సరిపోవు వెర్షనులో, చూచువారి వద్ద ఉండవలెను. క్వేక్ (1996) ఆటను అత్యంత కఠిన స్థాయిలో 19 నిమిషముల 49 సెకండ్లలో ముగించి చూపిన "క్వేక్ డన్ క్విక్" (1997) కూడ డెమో ఫైళ్ళతో కూర్చినదే.

1999లో వచ్చిన ఫ్రాప్స్ మొదట సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చుచున్నవో లెక్కించు సాధనము. రికార్డింగు సౌకర్యము తరువాత చేరినది. దాని చివరి వెర్షను 2013లో వచ్చినది. 2012లో మొదలైన ఓబీఎస్ ఉచితము, దాని సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉన్నది. 2013లో ఎన్‌విడియా సంస్థ షాడోప్లే అను సాధనమును విడుదల చేసినది. గడచిన కొన్ని నిమిషముల ఆటను, అది జరిగిపోయిన తరువాత కూడ దాచుకొనుట దీని ప్రత్యేకత.

దృశ్యము

ఆట, రికార్డింగు సాధనము రెండును ఒకే కంప్యూటరు శక్తిని పంచుకొనవలసి వచ్చుట ఇందులోని ప్రధాన సమస్య. 1920×1080 చుక్కల చిత్రమును, చుక్కకు 3 బైట్ల చొప్పున, సెకనుకు 60 ఫ్రేములతో యథాతథముగా దాచినచో సెకనుకు సుమారు 373 మెగాబైట్లు, గంటకు 1,340 గీగాబైట్లకు పైగా అగును. కావున రికార్డు చేయుచుండగానే దానిని కుదించవలెను. ఈ పని ప్రాసెసరుకు అప్పగించినచో ఆట తడబడవచ్చును. ఇటీవలి గ్రాఫిక్సు కార్డులలో ఇందుకొరకే ప్రత్యేక భాగము ఉన్నది. దానిని ఎంచుకొన్నచో ఆటపై భారము చాలా తగ్గును.

అయితే ఆట గ్రాఫిక్సు కార్డును పూర్తిగా ఆక్రమించినచో, తెరపై ఆట నున్నగా సాగుచున్నను, వీడియోలో ఫ్రేములు తప్పిపోవును. కార్డు బలహీనమైనదని పలువురు పొరబడుదురు. ఆటలో ఫ్రేముల సంఖ్యకు పరిమితి విధించుటయే తరచుగా చాలును. 60 ఫ్రేముల వీడియో కొరకు ఆటను 60 లేదా 120 వద్ద నిలుపుట మేలు. 144 అయినచో 60తో సమముగా భాగింపబడదు కనుక కదలిక కొద్దిగా కుదుపుగా కనిపించును.

వర్షము, గడ్డి, పొగ, చీకటి గల దృశ్యములలో మసక ఎక్కువ. ప్రతి ఫ్రేములోను దాదాపు ప్రతి చుక్క మారుచుండుటచే, నిర్ణీత బిట్‌రేటులో ఆ వివరము ఇమడదు. బిట్‌రేటును స్థిరముగా ఉంచుటకంటె నాణ్యతను స్థిరముగా ఉంచు పద్ధతి రికార్డింగుకు అనువైనది. ఫైలు పెరుగును గాని చిత్రము చెడదు. సెకనుకు 20 మెగాబిట్లయినను గంటకు 9 గీగాబైట్లే. ఎర్రని చిన్న అక్షరములు అలికినట్లు కనిపించుటకు కారణము వేరు: సాధారణ వీడియోలలో రంగుల వివరమును వెలుగు వివరములో నాలుగవ వంతు మాత్రమే దాచుతారు.

ధ్వని

చిత్రము కొంత మసకగా ఉన్నను ప్రేక్షకులు సహింతురు గాని, మాట వినబడని వీడియోను చూడరు. స్పీకర్ల ముందు మైకు పెట్టి ఆట ధ్వనిని పట్టుట సరికాదు. ఆ ధ్వనిని కంప్యూటరు లోపలి నుండే తీసికొని, ఆడువారు హెడ్‌ఫోను ధరించవలెను. ఆట ధ్వనిని, వ్యాఖ్యానమును వేర్వేరు ట్రాకులలో దాచినచో తుపాకుల మోతలో మాట మునిగిపోయినను తరువాత సరిచేయవచ్చును. ఒకే ట్రాకులో కలిసిన పిదప వాటిని విడదీయుట దుస్సాధ్యము.

స్వరము గరిష్ఠముగా -10 నుండి -6 డెసిబెళ్ళ మధ్య ఉండునట్లు చూచుకొనవలెను. 0 దాటిన ధ్వని పగిలిపోవును, దానిని పూర్వస్థితికి తేలేము. ఓబీఎస్‌లో చప్పుడు తగ్గించు ఫిల్టరు ఉన్నది గాని, తెలుగునాట వేసవిలో ఆగక తిరుగు సీలింగు ఫ్యానుకు అన్నిటికంటె మంచి మందు మైకును నోటికి జానెడు దూరమునకు తెచ్చి దాని స్థాయిని తగ్గించుటయే.

ఫైలు

సాధారణ ఎంపీ4 ఫైలులో విషయసూచిక రికార్డింగు ముగిసినప్పుడు వ్రాయబడును. నడుమ కరెంటు పోయినచో గంటల ఆట తెరుచుకొనని ఫైలుగా మిగులును. ఎంకేవీ ఫైలులో అప్పటివరకు వ్రాసిన భాగము దక్కును. దానిని చిత్రము చెడకుండ, కొద్ది క్షణములలో ఎంపీ4గా మార్చుకొనవచ్చును. ముఖ్యమైన ఆటకు ముందు ఒక నిమిషము రికార్డు చేసి, హెడ్‌ఫోనుతో విని చూచుట అనుభవజ్ఞుల అలవాటు. మైకు మూసి ఉన్న సంగతి ఆట ముగిసిన తరువాత తెలిసినవారు చాలామంది.