గాలన్ పెట్రోలుకు ఎంత దూరం?

అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో వుడ్ రివర్ అనే ఊరున్నది. అక్కడ షెల్ చమురు కంపెనీవారి పరిశోధనశాల వుండేది. 1939లో అందులో పనిచేసే శాస్త్రజ్ఞులు సరదాగా ఒక పందెం వేసుకున్నారు. ఎవరి కారు ఒక గాలన్ పెట్రోలుతో అందరికన్న ఎక్కువ దూరం పోతుందో చూడాలని! అమెరికా గాలన్ అంటే 3.785 లీటర్లు. నెగ్గిన కారు గాలన్‌కు 49.73 మైళ్లు పోయింది. అంటే లీటరుకు సుమారు 21 కిలోమీటర్లు.

పందెం అంతటితో ఆగలేదు. తరువాతి ఏళ్లలో పాత కార్లకు రకరకాల మార్పులు చేసి పోటీకి తెచ్చారు. 1949లో ఒక స్టూడిబేకర్ కారు గాలన్‌కు 149.95 మైళ్లు పోయింది. 1968లో ఫియట్ 600 అనే బుల్లి కారు 244.35 మైళ్లు పోయింది. 1973లో 1959 నాటి ఓపెల్ కారు ఒకటి ఏకంగా 376.59 మైళ్లు పోయింది. అంటే లీటరుకు 160 కిలోమీటర్లు!

ఇది ఎలా సాధ్యం? మామూలు కారు తాగే పెట్రోలులో చాలా భాగం ఉత్త వేడిగా పోతుంది. సుమారు నాలుగోవంతే చక్రాలను తిప్పటానికి మిగులుతుంది. ఆ మిగిలినదానితోనే కారు గాలిని తోసుకుంటూ పోవాలి. వేగం రెండింతలైతే గాలి అడ్డం నాలుగింతలవుతుంది. అందుకే ఇటువంటి పోటీలలో కారు బరువు తగ్గిస్తారు, చక్రాలు సులువుగా దొర్లేటట్టు చేస్తారు, నెమ్మదిగా నడుపుతారు. ఇంజనును కాసేపు నడిపి, ఆపి, కారును దానంతట అది దొర్లనిస్తారు. మామూలు రోడ్డు మీద మాత్రం ఇంజను ఆపటం చాలా ప్రమాదం. బ్రేకులు సరిగా పనిచెయ్యవు.

సరే, కారులో ఏదో మార్పు చేశాం. దానివల్ల నిజంగా పెట్రోలు ఆదా అయిందని తెలిసేదెలా? కారును మార్చటం కంటె ఇది తెలుసుకోవటమే కష్టం.

మీ మామయ్యకు ఒక చిన్న కారున్నదనుకోండి. అది లీటరుకు 15 కిలోమీటర్లు పోతుంది. ఒకనాడాయన బజారునుంచి ఒక అయస్కాంతం కొనుక్కొచ్చాడు. దాన్ని పెట్రోలు గొట్టానికి బిగిస్తే ఖర్చు తగ్గుతుందని అమ్మినవాడు చెప్పాడట. మామయ్య దాన్ని బిగించి 120 కిలోమీటర్లు వెళ్లివచ్చాడు. ఏడున్నర లీటర్లు ఖర్చయింది. లెక్క కట్టండి: లీటరుకు 16! మామయ్య మీసం మెలేశాడు.

మీరు తొందరపడి చప్పట్లు కొట్టకండి. మామయ్యను నాలుగు ప్రశ్నలడగండి.

మొదటిది: రెండుసార్లూ ఒకే దారిన వెళ్లారా? ఊళ్లో ఆగి ఆగి పోయే కారుకూ, ఊరి బయట సాఫీగా పోయే కారుకూ పోలిక లేదు. వెళ్లేటప్పుడు ఎదురుగాలి వుంటే వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. అందుచేత పోనూ రానూ కలిపే లెక్కించాలి.

రెండవది: ట్యాంకు ఎలా నింపారు? బయలుదేరే ముందు నింపి, తిరిగి వచ్చాక అదే బంకులో అదే గుర్తుదాకా నింపితే, రెండవసారి పట్టినదే ఖర్చయిన పెట్రోలు. నింపటంలో పావు లీటరు తేడా వచ్చిందనుకోండి. రెండు లీటర్లలో అది ఎనిమిదోవంతు. ఇరవై లీటర్లలో ఎనభయ్యోవంతే. అందుకే ప్రయాణం ఎంత పెద్దదైతే లెక్క అంత నమ్మకం. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది కూడా. పది డిగ్రీలకు నూటికి ఒకవంతు పెరుగుతుంది.

మూడవది: ఒక్క మార్పే చేశారా? అయస్కాంతం బిగించిన రోజునే చక్రాలకు గాలి కూడా కొట్టించి వుంటే, ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు?

నాలుగవది అన్నిటికన్న ముఖ్యం: అయస్కాంతం తీసేసి మళ్లీ ఒకసారి వెళ్లివచ్చారా?

మామయ్య విసుక్కుంటాడు. అయినా బలవంతం చెయ్యండి. అయస్కాంతం తీసేసి, అదే దారిన, అదే వేళకు, అంతమంది మనుషులతో మళ్లీ 120 కిలోమీటర్లు వెళ్లి రమ్మనండి. ఈసారి కూడా ఏడున్నర లీటర్లే పట్టిందనుకోండి! అప్పుడు అర లీటరు మిగిల్చినది ఎవరు? మామయ్య కాలే! పరీక్ష చేస్తున్నానన్న ధ్యాసతో ఆయన తనకు తెలియకుండానే కారును నిదానంగా నడిపాడు.

అమెరికా ప్రభుత్వపు పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్రోలు ఆదా చేస్తాయని చెప్పుకునే పరికరాలను నూటికి పైగా పరిశీలించింది. చెప్పుకోదగినంత ఆదా చేసినది ఒక్కటీ కనబడలేదు. కొన్నవాళ్లలో చాలామంది అబద్ధాలాడేవాళ్లు కారు. డబ్బు పెట్టి కొన్నది పనిచెయ్యాలని అందరికీ వుంటుంది. ఆ కోరికే కళ్లకు గంతలు కడుతుంది. కాగితం మీద రాసుకున్న అంకెలకు కోరికలుండవు.

ఈసారి మీ ఇంట్లో స్కూటరుకో కారుకో పెట్రోలు పోయించేటప్పుడు మీటరు అంకె, పట్టిన లీటర్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. నెల తిరిగేసరికి మీ బండి సంగతి ఇంట్లో అందరికన్న మీకే బాగా తెలుస్తుంది.

మరి మామయ్య అయస్కాంతం ఏమయిందంటారా? దానితో మీరు ఇసుకలోంచి ఇనుపరజను ఏరుకోవచ్చు. ఆ పని అది తప్పకుండా చేస్తుంది!