పద్నాలుగు అనే ఊరు

మా అత్తగారిది మెక్సికో. ఎనభై నాలుగేళ్ళ మనిషి. మాంటెర్రే నగరంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. తెలుగువాణ్ణి నేను ఆ ఇంటికి అల్లుణ్ణెలా అయ్యానంటారా, అదొక పెద్ద కథ, ఇప్పుడు కాదు. ఆవిడ తాతగారు వెండి గనుల యజమాని కొడుకనీ, ఆస్తి తగాదాలు పడలేక ఊరు విడిచి వచ్చాడనీ ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా ఉగ్గుపాలతో వింటాడు.

"నేను పోయేలోగా ఆ ఊరు ఒక్కసారి చూపించు నాయనా" అని పోయిన ఏడాది అడిగింది.

సరే, వెళ్ళేముందు వంశవృక్షం గీద్దామని కూర్చున్నాను. ఆ దేశంలో ఈ పని మనకన్నా సులువు. ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లు: ముందు తండ్రిది, ఆ తరువాత తల్లిది. పెళ్ళయినా ఆడదాని ఇంటిపేరు మారదు. పుట్టినా, పెళ్ళయినా, పోయినా చర్చి పుస్తకంలో పాద్రీ రాసిపెట్టేవాడు. 1859లో హువారెస్ ప్రభుత్వం చట్టం చేశాక సర్కారు రిజిస్టర్లు వేరే వచ్చాయి. ఆ చర్చి పుస్తకాలకు 1950లలో అమెరికాలోని యూటా వంశావళి సంఘం వారు ఫిల్ములు తీయడం మొదలుపెట్టిన పుణ్యమా అని, వాటిని ఇప్పుడు ఇంట్లో కూర్చునే చూడవచ్చు. చూడవచ్చుగాని, ఆ పాద్రీల దస్తూరీ ఉన్నదే, పగవాడికి కూడా వద్దు.

నాలుగు రాత్రులు మేలుకుంటే తాతగారి బాప్తిస్మం దొరికింది. 1871. తల్లి పేరు స్పష్టంగా ఉన్నది. తండ్రి పేరు ఉండవలసిన చోట 'తండ్రి తెలియదు' అని ఉన్నది! అదే మనిషి పెళ్ళి రిజిస్టరులో మాత్రం తండ్రి పేరు ఉన్నది; ఆ తండ్రికి ఇంటిపేరు తల్లిదే. అంటే పెళ్ళినాడు తనకొక తండ్రిని కల్పించుకున్నాడు కాబోలు, పాపం. గని యజమానీ లేడు, ఆస్తీ లేదు. తండ్రి తాతల నాటిదని వీళ్ళు చెప్పుకునే ఇంటిపేరు ఒక ఒంటరి ఆడదానిది.

"అమ్మతో అన్నావో, చూడు మరి!" అన్నది మా ఆవిడ.

ఊరి పేరు రెయాల్ దె కతోర్సే. 'రెయాల్' అంటే రాజుగారి గనుల ఊరు. 'కతోర్సే' అంటే పద్నాలుగు. పద్నాలుగుమంది సైనికులు చచ్చిన చోటని కొందరూ, కాదు దొంగలని కొందరూ చెబుతారు. మతెవాలా దాటాక రాళ్ళు పరిచిన రోడ్డు మీద ఒళ్ళు హూనమయ్యేటట్టు కొండ ఎక్కాలి. చివర ఓగార్రియో సొరంగం. 1901లో తెరిచారు. రెండు కిలోమీటర్ల పైచిలుకు పొడవు, ఒక్క బండికే దారి. అవతలి బండ్లు వచ్చిందాకా ఇవతలివి ఆగవలసిందే. పెద్ద బస్సులు బయటనే నిలిచిపోతాయి. చీకట్లో అత్తగారు జపమాల తిప్పుతూ కూర్చున్నది. నా గుండె వేరే కారణానికి కొట్టుకుంటున్నది.

సముద్రమట్టానికి 2,700 మీటర్ల ఎత్తు. పద్దెనిమిదో శతాబ్దం చివర వెండి బయటపడగానే జనం వెల్లువలా వచ్చారు. సొంత టంకశాల, కోడిపందేలకు గుండ్రని రాతి కట్టడం, ఎద్దుల పోట్లాటకు గోదా, అన్నీ ఉండేవి. 1895లో అధ్యక్షుడు పొర్ఫీరియో దియాస్ స్వయంగా వచ్చాడు. తరువాత వెండి ధర పడిపోయింది. 1910లో విప్లవం వచ్చింది. వేలమంది ఉన్న ఊరు కొద్ది ఏళ్ళలో ఖాళీ అయింది. ఇప్పుడు యాత్రికుల మీద బతుకుతున్నది. పైకప్పుల్లేని గోడలు వీధుల పొడవునా ఉన్నాయి. చర్చిలో సెయింట్ ఫ్రాన్సిస్ విగ్రహం దగ్గర రేకుల మీద వేసిన చిన్నచిన్న మొక్కుబడి బొమ్మలు ఉన్నాయి. ఆపద గడిచినవాళ్ళు తెచ్చి పెట్టినవట.

శ్మశానంలో అక్షరాలు అరిగిపోయిన రాళ్ళ మధ్య కర్ర పోటు వేసుకుంటూ నడిచి, నడిచి, అత్తగారు ఆగింది.

"గని యజమానిగారి సమాధి ఏదీ?"

మా ఆవిడ నావంక చూసింది. నేను రాళ్ళవంక చూశాను. అబద్ధం నోటిదాకా వచ్చింది గాని, అంత ముసలి మనిషి అంత దూరం వచ్చి అడుగుతుంటే చెప్పలేకపోయాను. ఉన్నదంతా చెప్పేశాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. గాలికి శాలువ ఎగిరిపోతుంటే నేనే పట్టుకున్నాను.

"ఆవిడ పేరేమిటి?" అన్నది చివరకు.

చెప్పాను. రెండుసార్లు మెల్లగా అనుకున్నది. "మా తాత ఆవిడ పేరు ఎన్నడూ నా చెవిన పడనివ్వలేదు" అన్నది. అంతలోనే నామీద తిరగబడింది. "ఇది తెలిసీ అంత దూరం కార్లో నోరు మూసుకు కూర్చున్నావా నాయనా? చచ్చేంత ఎత్తు ఎక్కించి ఇప్పుడా చెప్పడం?"

ఆమె సమాధి దొరకలేదు. దిగివస్తూ చర్చిలో ఒక కొవ్వొత్తి కొని వెలిగించింది. డబ్బు నన్ను ఇవ్వనివ్వలేదు.

నవంబరు 2న అక్కడివాళ్ళు పోయినవారికి ఇంట్లో బల్ల వేసి, బంతిపూలు పరచి, ఫోటోలు నిలబెట్టి, ఇష్టమైన వంటకాలు పెడతారు. ఆమె ఫోటో ఎవరి దగ్గరా లేదు. అత్తగారు నాచేత ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు రాయించి, తాతగారి ఫోటో పక్కన పెట్టింది. ఫోటోను కొంచెం ఇటు తిప్పి, చీటీవైపు చూసేటట్టు నిలబెట్టింది.